ఊరిచివరి రాతియిల్లు

మేము పాఠశాలలో నొకనాడు ఆంగ్లదేశ చరిత్రము బోధించుచు, మొదటి చార్లెసు రాజునకును పార్లమెంటునకును జరిగిన కలహమును వివరించుచుండగా, వెనుక వరుసలోని బాలుడొకడు లేచి, "అయ్యా, ఆ కాలమున నచ్చటి రైతు లెట్టి యిండ్లలో నుండిరి?" అని యడిగెను. పాఠ్యపుస్తకమున రాజు శిరచ్ఛేదమునకు రెండు పుటలు కలవు. రైతు యింటికి నొక్క పంక్తియైనను లేదు. మేము నాడు తగిన యుత్తరము చెప్పజాలక, "పిదప చెప్పెదము" అని తప్పించుకొంటిమి. ఆ ప్రశ్న మా మనస్సున ముల్లువలె నాటుకొనెను. ఈ వ్యాసము ఆ బాలునకు మేము బాకీపడిన యుత్తరము.

ఉత్తరపు టింగ్లండున సరస్సులసీమ యని ప్రసిద్ధికెక్కిన కొండప్రదేశము కలదు. అది పూర్వము వెస్టుమొర్లండు, కంబర్లండు, లాంకషైరు అను మూడు మండలములలో చేరియుండెను. 1974వ సంవత్సరము మొదలు కంబ్రియా యను నొక్క పేరున వ్యవహరింపబడుచున్నది. అచ్చట విండర్‌మియర్ అను పెద్ద సరస్సునకు సమీపముననే ట్రౌట్‌బెక్ అను లోయ యున్నది. ఆ గ్రామము మన పల్లెలవలె నొక్కచోట గుమిగూడినది కాదు. కొండవాలు వెంబడి, ఊటనీ రున్నచోట నాలుగిండ్లు, మరికొంత దూరమున నాలుగిండ్లు, ఇట్లు బారుగా సాగియుండును. దాని దక్షిణపు కొననున్న యిల్లే టౌనెండ్. ఆ పేరునకు ఊరిచివర యనియే యర్థము. ఇప్పటి కట్టడములో ప్రధానభాగము 1626 ప్రాంతమున నిర్మితమైనదని చెప్పుదురు. బ్రౌను అను ఇంటిపేరుగల కర్షకకుటుంబము పదునారవ శతాబ్దినుండి 1943వ సంవత్సరమువరకు, అనగా నాలుగువందల యేండ్లకు పైగా, ఆ స్థలముననే కాపురముండెను. మేము దానిని కన్నులార చూచినవారము కాము. పటములును వర్ణనలును చదివి తెలిసికొన్నదానిని మాత్రమే యిచ్చట విన్నవించుచున్నాము.

ఈ బ్రౌనులు ప్రభువులు కారు, కూలివారును కారు. స్వహస్తములతో దున్ని, గొఱ్ఱెలమేపి, ఉన్ని యమ్మి జీవించినవారు. అట్టి భూవసతిగల కర్షకులను ఆ సీమలో "స్టేట్సుమన్" అని పిలిచెడివారు. రాజ్యతంత్రజ్ఞుడని నేడు మన మెఱిగిన యర్థ మిచ్చట చెల్లదు. ఎస్టేటు, అనగా స్వంతభూమి, గలవాడని దాని భావము. న్యాయశాస్త్రరీత్యా చూచినచో వీరిలో ననేకులు సంపూర్ణస్వామ్యము గలవారు గాక, ఒక ప్రభువు క్రింద ఆచారసిద్ధమైన హక్కుతో భూమి ననుభవించువారు. ఈ హక్కు కథ తెలిసికొననిదే యీ రాతిగోడల కథ బోధపడదు గనుక, చదువరులు మాతో గొంచె మోపిక పట్టవలెను.

ఇంగ్లండు, స్కాట్లండు వేర్వేరు రాజ్యములుగా నున్న కాలమున సరిహద్దున నిరంతరము దోపిడులును యుద్ధములును జరుగుచుండెను. అచ్చటి రైతులు పిలిచినతోడనే ఆయుధములు ధరించి పోరునకు పోవలసినవారు. వారి భూమి తండ్రినుండి కుమారునికి సంక్రమించును. శిస్తు స్వల్పము, మార్పులేనిది. ప్రభువు మరణించినను రైతు మరణించినను క్రొత్తగా కొంత సొమ్ము చెల్లించిన చాలును. యుద్ధసేవకు ప్రతిఫలముగనే యీ సౌకర్యము లభించినదని లోకులనుకొనిరి. 1603వ సంవత్సరమున స్కాట్లండు రాజగు జేమ్సు ఇంగ్లండు సింహాసనమును గూడ నధిష్ఠించెను. అంతట రాజును, పెద్ద భూస్వాములును, "ఇక సరిహద్దు లేదు, యుద్ధములేదు, సేవ తీరినది గనుక హక్కును తీరినది" అని వాదింప మొదలిడిరి. ఆ వాదము నెగ్గినచో రైతులు గడువుకౌలుదారులుగా మారుదురు. భూస్వామి తలచినంత శిస్తు విధింపవచ్చును.

కెండల్ ప్రాంతపు రైతులు దీనికి తలయొగ్గలేదు. వారు స్టేవ్‌లీ గ్రామమున సమావేశమై, సొమ్ము పోగుచేసికొని, వ్యాజ్యము నడపిరి. స్టార్ చేంబరు అను రాజన్యాయసభ పేరు చెప్పినంతనే నిరంకుశత్వము జ్ఞప్తికి వచ్చును. అట్టి సభలోనే 1625వ సంవత్సరమున తీర్పు రైతులపక్షమున వచ్చెను. వారి హక్కు యుద్ధసేవపై నాధారపడినది కాదనియు, అది వంశపారంపర్యమైన ఆచారస్వామ్యమే యనియు స్థిరపడినది. టౌనెండ్ గృహమునకు జనులు చెప్పెడి కాలము ఆ మరుసటి సంవత్సరము. తీర్పు వినినతోడనే బ్రౌను పునాది త్రవ్వించెనని మేము చెప్పము. అట్టి సాక్ష్యము లేదు. కాని యొక్కమాట మాత్రము నిస్సంశయము. రేపు వెళ్లగొట్టబడుదునేమో యని భయపడువాడు మూడడుగుల మందపు రాతిగోడ కట్టడు. మనుమడు ఈ యింటనే యుండునని నమ్మినవాడే రాతిమీద రాయి పెట్టును.

ఇక గోడలను చూతము. ఆ సీమలోని శిల స్లేటు జాతిది. అది పొరలుపొరలుగా చీలును గాని, చక్కని మూలలతో చెక్కుటకు లొంగదు. అందుచే పొలములనుండియు, వాగులనుండియు, చిన్న గనులనుండియు తెచ్చిన మొరటురాళ్లనే వాడిరి. గోడకు వెలుపలివైపున నొక వరుస, లోపలివైపున నొక వరుస పేర్చి, నడుమ చిన్నరాళ్లును మట్టియు నింపెదరు. రెండు వరుసలు విడిపోకుండ నచ్చటచ్చట గోడ మందమంతయు పట్టు పొడుగురాళ్లను బంధనముగా నిడుదురు. అడుసే యడుగున సున్నము. ఖరీదైన సున్నమును పైపూతకు మాత్రము వినియోగించెడివారు. ఆ కొండలలో వాన మెండు. గాలితో కొట్టుకొనివచ్చు వానచినుకు మొరటుగోడ సందులలో దూరకుండ పైన గరుకుపూత పూసి వెల్లవేయుదురు. పచ్చని కొండవాలున మెఱయు తెల్లని యిల్లు చూచువారికి సొగసుకొఱకు చేసినదని తోచును. దానికి మూలము తడినుండి రక్షణయే.

పైకప్పుకూడ స్లేటు పలకలదే. ఓకు మేకులతో పలకలను దబ్బలకు తగిలింతురు. చూరువద్ద మిక్కిలి పెద్దపలకలు, పైకి పోను పోను చిన్నవి, వెన్నుగాడివద్ద నతిచిన్నవి. ఇందును కారణము కలదు. బరువైన పలకలు గోడమీదనే యానుకొనుటచే దూలములకు భారము తగ్గును. క్రిందికి దిగినకొలది నీరు హెచ్చును గనుక అతుకులు తక్కువగానున్న పెద్దపలక లచ్చట మేలు. మఱియు గనిలో దొరికిన చిన్నపలక యొక్కటియు వ్యర్థము కాదు. లెక్కలేమియు వ్రాయని పనివారు అనుభవముచే కనుగొన్న గణితమిది.

టౌనెండ్ పొగగొట్టములు గుండ్రనివి. సరస్సులసీమ కంతటికి నివి గుఱుతువంటివి. మూలలు తీర్చుటకు లొంగని రాతితో చతురస్రము కట్టుట కష్టము, గుండ్రముగా కట్టుట సుకరము. వర్డ్స్‌వర్తు మహాకవి యీ గొట్టముల యందమును తన సరస్సుల మార్గదర్శినిలో మెచ్చుకొనెను. 1810లో పేరులేకుండ వెలువడి, 1835 నాటికి నైదవ కూర్పు పొందిన ఆ గ్రంథమున, ఈ యిండ్లు మనుష్యులు కట్టినవివలె గాక నేలనుండి తామే మొలచినవివలె నున్నవని ఆయన భావించెను. కవిహృదయమునకు మేము నమస్కరింతుము. కాని చరిత్రకారుడు మొలచెనని యూరకుండరాదు. రాయి మోసిన భుజములు, హక్కు నిలిపిన న్యాయవాదము, శిస్తు కట్టిన ఉన్ని, ఈ మూడును లేక యొక్క యిల్లును మొలవలేదు.

గడప దాటి లోనికి పోవుదము. ఇంటి నడుమ నడ్డముగా నొక నడవ యుండును. దానికొకవైపున "డౌన్ హౌసు". ఇది పనిగది, రొట్టెలు కాల్చుట, బట్టలు ఉదుకుట, మద్యము కాచుట, మాంసమునకు ఉప్పు పట్టించుట మొదలగు పనులన్నియు నిచ్చటనే. రెండవవైపున "ఫైర్ హౌసు", అనగా నగ్నిగృహము. కుటుంబమంతయు కూర్చుండుట, భుజించుట, మాటలాడుట, చలికాచుకొనుట యన్నియు నీ గదిలోనే. దాని ప్రక్కన యజమాని దంపతులు నిద్రించు చిన్నగది యుండెడిది. పిల్లలును పనివారును పైయటకలో పరుండెడివారు. పాతయిండ్లలో మగవారికిని ఆడువారికిని నడుమ నొక పలకల తడిక మాత్రమే యడ్డు.

అగ్నిగృహమనిన పేరు పొయ్యివలన వచ్చినది. ఆ ప్రదేశపు పాతయిండ్లలో పొయ్యి గోడలోనిది గాక, గదిలో నొకభాగమంతటిని ఆక్రమించెడిది. దానిపై తడికెతోను పలకలతోను కట్టి మట్టి మెత్తిన పెద్ద గొడుగువంటి పొగగూడు పైకప్పువరకు పోవును. ఆ గూటిక్రిందనే బల్లలు వేసికొని పెద్దలు కూర్చుండెడివారు. పైన మాంసఖండములు పొగపట్టి యెండుచుండెడివి. వానకాలమున మసినీరు బొట్లుబొట్లుగా కూర్చున్నవారి తలలపై రాలెడిది. పొయ్యిలో కొండలమీద కోసి యెండబెట్టిన బురదగడ్డ. ప్రక్కగోడలో చిన్న తలుపుగల గూడొకటి. ఉప్పును, సుగంధద్రవ్యములును తేమ తగులకుండుటకై అగ్ని దాపున నుంచినది. దీపముగా రెల్లుజాతి గడ్డి బెండును గొఱ్ఱెక్రొవ్వులో ముంచి వెలిగించెడివారు. కిటికీలు చిన్నవి, ఓకుకఱ్ఱ నిలువుకమ్ములు గలవి. అద్దము ప్రియమైన వస్తువు. 1696 మొదలు 1851 వరకు ప్రభుత్వము కిటికీలపై పన్ను వేసినది. అంతకుమున్ను 1662 నుండి 1689 వరకు పొయ్యికి సాలుకు రెండు షిల్లింగుల పన్ను. వెలుతురును వేడియు ప్రభుత్వమునకు లెక్కలోని సరకులైనవి.

ఆ గదిలో చూడదగిన మఱియొక వస్తువు రొట్టెబీరువా. అది విడిగానుండు పెట్టె గాదు. రెండు గదుల నడిమి కొయ్యగోడలోనే యమర్చిన చెక్కడపుపని. దానిమీద దంపతుల పేర్ల మొదటి యక్షరములును, సంవత్సరమును చెక్కింతురు. గోధుమ పండని తడినేల గనుక వారి తిండి ఓట్లు. ఆ పిండితో మన యప్పడమువలె పలుచని రొట్టెలు చేసి, రేకుపై కాల్చి, నెలల తరబడి నిలువచేసెడివారు. రాజులు శాసనములపై పేరు చెక్కించిరి. ఈ రైతు దంపతులు రొట్టెబీరువాపై చెక్కించిరి. ఏది యెక్కువ గౌరవమో చదువరులే నిర్ణయింపవచ్చును. టౌనెండ్‌లో నిట్టి చెక్కడము విస్తారము. అయితే యందంతయు ప్రాచీనము కాదు. పందొమ్మిదవ శతాబ్దిలో ఆ యింట పుట్టిన జార్జి బ్రౌను, 1914లో మరణించినవాడు, స్వయముగా కొయ్యచెక్కడమున నేర్పరి. ఆయన పాతసామానుకు క్రొత్తపనిని జోడించెను. అందుచే నచ్చట నేది తాతచేతిపని, యేది మనుమనిదో చూచినంతనే తెలియదు.

ఇంటికి దీపము ఇల్లాలని మన సామెత. టౌనెండ్ ఇల్లాండ్రలో నొకరి వ్రాత మనకు మిగిలినది. ఎలిజబెతు బర్కెటు అను నామె 1699 నాటి తన చేతిపుస్తకమును వెంట తీసికొని బెంజమిన్ బ్రౌనును పెండ్లాడి యీ యింటికి వచ్చెను. అందు వంటలు, చికిత్సలు, గృహోపయోగమైన విశేషములు వ్రాసికొన్నది. మూడువందల యేండ్లనాటి కొండపల్లెలోని రైతు కోడలు కలము పట్టగలిగెననుట చిన్నమాట కాదు. గోడలు పురుషుల పేర నిలిచియున్నవి. ఆ గోడలలోపల జరిగిన జీవితమేమో చెప్పునది యీ స్త్రీ వ్రాతయే. డౌన్ హౌసులో కాగిన కషాయమేదో, జ్వరమునకేమిచ్చిరో రాళ్లు చెప్పవు.

ఆ యింట గ్రంథాలయము కూడ కలదు. సుమారు పదునైదువందల పుస్తకములు. తరతరములుగా ఒక రైతుకుటుంబము కొని చదివి దాచినవి. వ్యవసాయము, మతము, న్యాయము మొదలుకొని సంతలో నమ్ము చౌకకథలవరకు నందున్నవి. ఆ చౌకపుస్తకములలో కొన్నింటికి ప్రపంచమున మరియొక ప్రతి లేదని పండితులు కనుగొనిరి. గొప్ప గ్రంథాలయములు వానిని చెత్తయని పారవైచినవి. గొఱ్ఱెలకాపరి వానిని పదిలపఱచెను. బ్రౌనులు కాగితమునుకూడ పారవేయలేదు. పదునెనిమిదవ శతాబ్ది ప్రారంభమున బెంజమిన్ బ్రౌను కెండల్ విభాగమునకు ముఖ్యరక్షకోద్యోగి యయ్యెను. ఆ యుద్యోగపు పత్రములు, రసీదులు, లేఖలు, భూమి దస్తావేజులు నన్నియు నిలిచియుండుటచేతనే పండితులు నేడా సీమ రైతుజీవితమును ఇంత వివరముగా వ్రాయగలుగుచున్నారు.

ఇంటి కెదురుగా బాటకావలనున్న పశువులశాల 1666 నాటిది. అది కొండవాలున కట్టిన రెండంతస్తుల కట్టడము. ఎగువవైపునుండి బండి తిన్నగా పైయంతస్తులోనికి పోవును. ధాన్యమును గడ్డియు నచ్చట దింపి, నూర్చి, నిలువచేయుదురు. దిగువవైపు తలుపులనుండి పశువులును గుఱ్ఱములును క్రిందియంతస్తులో ప్రవేశించును. పైనుండి గడ్డి త్రోసినచో క్రింద పశువుల ముందర పడును. వాలు అడ్డమని యేడ్వక, దానినే నిచ్చెనగా చేసికొన్న యుపాయమిది. శాలకు బయటివైపున కొయ్య వసారా కలదు. ఇట్టి వసారాలలో స్త్రీలు వెలుతురున కూర్చుండి ఉన్ని వడికిరని ఆ సీమవారు చెప్పుదురు.

ఇక పండితుల వాదము నొకదానిని ప్రస్తావింపవలెను. 1953వ సంవత్సరమున డబ్లియు. జి. హాస్కిన్సు అను చరిత్రకారుడు, 1570 మొదలు 1640 వఱకు నింగ్లండు గ్రామములలో గొప్ప పునర్నిర్మాణము జరిగినదని సిద్ధాంతీకరించెను. ఆ కాలముననే సామాన్యరైతులు పొగ నిండిన గుడిసెలను విడిచి, అంతస్తులును పొగగొట్టములును గల యిండ్లు కట్టుకొనిరని ఆయన మతము. తరువాతివారు ఇండ్లపై చెక్కిన సంవత్సరములను లెక్కించి, ఉత్తరదేశమున నీ మార్పు ఆలస్యముగా, ముఖ్యముగా 1660 తరువాత, వచ్చినదని చూపిరి. టౌనెండ్ తన సీమలో ముందునడిచిన యిండ్లలో నొకటి యన్నమాట. ఇందుండి మఱియొక హెచ్చరికయు గ్రహింపవలెను. మిగిలిన యిల్లు కలవారి యిల్లు. పైయటకలో నిద్రించిన దాసికిని, ఉన్ని కత్తిరించిన కూలివానికిని స్వంతగృహముండినచో నది యేల మిగులును? సాల్వే మైదానమున మట్టిగోడల యిండ్లు కొన్ని నేటికి నిలిచియున్నవి గాని, అతిదరిద్రుల గుడిసెలు వానితోడనే మట్టిలో కలిసిపోయినవి. రాతియింటిని చూచి ఆ కాలపు రైతులెల్లరు నిట్లుండిరని చెప్పినచో మేము మా శిష్యునకు సగము సత్యమే చెప్పినవారమగుదుము.

పదునెనిమిదవ శతాబ్ది యంత్యమున స్టేట్సుమనులకు గడ్డుకాలము వచ్చెను. ఇంట రాట్నముపై వడికిన నూలు యంత్రములతో పోటీపడలేకపోయెను. ఆడువారి సంపాదన తగ్గినతోడనే చిన్నకమతమునకు శిస్తును వడ్డియు భారములైనవి. తాకట్టుపడిన భూములు ధనవంతుల పాలయ్యెను. వర్డ్స్‌వర్తుకూడ దీనిని కన్నులార చూచి విచారించెను. ఇల్లు నిలిపినది భర్త నాగలి యొక్కటియే గాదు, భార్య రాట్నము గూడ నని యీ పతనమే ఋజువు చేయుచున్నది. బ్రౌనులు మాత్రము లెక్కలయందు జాగరూకత, ఉద్యోగములు, అనుకూలమైన వివాహములు, వీనివలన మరి నూటయేబది యేండ్లు నిలిచిరి.

1943లో వారి కాపురము ముగిసెను. 1948లో గృహము నేషనల్ ట్రస్టు అను సంస్థ చేతికి వచ్చెను. ఆక్టేవియా హిల్, రాబర్టు హంటర్, హార్డ్విక్ రాన్స్‌లీ యను మువ్వురు 1895లో స్థాపించిన యీ సంస్థ దేశప్రజల పక్షమున చారిత్రకస్థలములను రక్షించుచున్నది. పిల్లలకథలచే లోకప్రసిద్ధురాలైన బియాట్రిక్సు పాటర్ ట్రౌట్‌బెక్ లోయలోనే పెద్ద గొఱ్ఱెలకమతమును కొని పోషించి, 1943లో మరణించునప్పుడు నాలుగువేల యెకరములకు పైబడిన భూమిని ఈ సంస్థకే వ్రాసియిచ్చెను. 2017లో సరస్సులసీమ యంతయు ప్రపంచవారసత్వస్థలముగా యునెస్కోచే గుర్తింపబడెను. అచ్చట రక్షింపదలచినది కొండలను సరస్సులను మాత్రమే కాదు. గొఱ్ఱెలకాపరుల కమతములును, రాతికట్టలును, ఇట్టి యిండ్లును గూడ.

కాబట్టి మా శిష్యునకు మే మిట్లు చెప్పుచున్నాము. నాయనా, చార్లెసు రాజు శిరస్సు పోయిన నాటికి టౌనెండ్ గోడలు కట్టి యిరువది యేండ్లు దాటినవి. రాజు పోయెను, పార్లమెంటు పాలించెను, మరల రాజు వచ్చెను. ఆ పొయ్యిలో నిప్పు వెలుగుచునే యుండెను. అది వెలుగుటకు కారణము దైవయోగము గాదు. రైతులు కూడి తమ హక్కును నిలుపుకొనిరి. దొరికిన రాతి గుణమెఱిగి కట్టిరి. స్త్రీపురుషు లిరువురును పాటుపడిరి. చదివిరి, వ్రాసిరి, వ్రాసినదానిని పారవేయలేదు.

మా చదువరుల యిండ్లలోను పాతపెట్టెలుండును. అందు తాతగారి శిస్తురసీదులో, నాయనమ్మగారి చేతి వైద్యపుచిట్టాలో యుండవచ్చును. పండుగకు ఇల్లు దులుపునప్పుడు వానిని పొయ్యిలో వేయుటకు ముందొకమాఱు విప్పి చదువుడని మా ప్రార్థన. ఏ బాలుడో యొకనాడు మన రైతుల యిండ్లనుగూర్చియు నడుగును. అప్పుడు ఉపాధ్యాయుడు "పిదప చెప్పెదము" అని తలవంచుకొనవలసిన యగత్యము రాకూడదు.